తంతుకి ముందు తప్పుల చిట్టా

విశాఖ మన్యంలో చిల్లంగి, అంటే చేతబడి, పెట్టారన్న అనుమానంతో మనిషిని కొట్టి చంపిన వార్త ఇప్పటికీ అప్పుడప్పుడూ పేపర్లో పడుతూనే ఉంటుంది. పిల్లాడి జ్వరం దిగదు, ఒకే ఇంట్లో వరసగా రెండు చావులు జరుగుతాయి, ఎవరో ఒకరి మీద వేలు పెట్టి చూపిస్తే తప్ప ఊరికి నిద్ర పట్టదు. ఆ వేలు తరచుగా దిక్కులేని ముసలామె మీదో, ఎవరితోనూ కలవని మనిషి మీదో ఆగుతుంది. ఘాట్ రోడ్డు దిగి విశాఖ వచ్చేస్తే, ఏ సిరిపురంలోనో ఎం.వి.పి. కాలనీలోనో ఓ పాతికేళ్ళమ్మాయి గది తలుపేసుకుని, కొవ్వొత్తి వెలిగించి, జోస్యానికి వాడే టారో కార్డులు పరుచుకుని తనని తాను ‘విచ్’ అని చెప్పుకుంటూ ఉండొచ్చు. ఇంట్లో తెలిస్తే గొడవే. “చేతబడులు నేర్చుకుంటున్నావేటే తల్లీ” అని అమ్మ లబోదిబోమంటుంది.

ఆ అమ్మకి ఏమని చెప్పాలో చాలామందికి తెలీదు. చిల్లంగి నమ్మకం ఎప్పుడూ ఎదుటివాడి వైపే చూస్తుంది: నాకు కీడు జరిగిందంటే ఎవరో చేశారు. ఆధునిక విచ్‌క్రాఫ్ట్‌ని పద్ధతిగా నేర్చుకునేవాళ్ళకి మొదటి పాఠం దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది: నీకేం జరిగినా సరే, ముందు నీ లోపల ఏముందో రాసుకో. మంత్రాలు, మూలికలు, పౌర్ణమి పూజలు అన్నీ ఆ తర్వాతే. ఈ పాఠాన్ని దాటేసి నేరుగా మంత్రాల్లోకి దూకేవాళ్ళు లేకపోలేదు, రీల్స్‌లో అదే బాగా నడుస్తుంది కూడా. కానీ ఈ దారిలో బయటివాళ్ళకి సైతం పనికొచ్చేది ఏదైనా ఉంటే, అది విసుగు పుట్టించే ఆ మొదటి పాఠమే అని నా అభిప్రాయం. దాన్ని ఎందుకు పెట్టారు, ఎలా చేస్తారు, ఎక్కడ దెబ్బతింటుంది అన్నదే ఇక్కడ చెప్పదలుచుకున్నాను.

డెబ్బై ఏళ్ళ మతం

ఇది అనాదిగా వస్తున్న విద్య అని చాలామంది గొప్పగా చెబుతారు. కాదు. మార్గరెట్ ముర్రే అనే ఈజిప్టు పురాతత్వ నిపుణురాలు 1921లో ఒక వాదం లేవదీసింది. ఐరోపాలో మంత్రగత్తెలన్న నేరం మీద చంపేసినవాళ్ళు క్రైస్తవానికి ముందున్న ఓ రహస్య మతానికి చెందినవాళ్ళని. చరిత్రకారులు దాన్ని తోసిపుచ్చారు గానీ ఆ ఊహకి మాత్రం కాళ్ళొచ్చాయి. మలయాలో కస్టమ్స్ ఉద్యోగం చేసి 1936లో రిటైరై ఇంగ్లండు చేరిన జెరాల్డ్ గార్డ్‌నర్, ఆ మతం ఇంకా బతికే ఉందనీ, 1939లో తనని అందులో చేర్చుకున్నారనీ చెప్పుకున్నాడు. మంత్రవిద్య ఉన్నట్టు నటించడాన్ని నేరంగా చూసిన 1735 నాటి చట్టాన్ని బ్రిటన్ 1951లో ఎత్తేసింది. 1954లో గార్డ్‌నర్ పుస్తకం బయటికొచ్చింది. విక్కా అని పిలిచే ఈనాటి విచ్‌క్రాఫ్ట్ మతం మొదలైంది అక్కడే. ఆయన దగ్గర 1953లో దీక్ష తీసుకున్న డోరీన్ వాలియెంటీ ఆ తంతుల్లోని ప్రార్థనలని చాలా మటుకు తిరగరాసింది. నీలో దొరకనిది బయట ఎంత వెతికినా దొరకదన్న భావం దేవి పలుకుతున్నట్టు ఆమె కూర్చిన మాటల్లో ఆయువుపట్టు. ఉపనిషత్తుల ఉపన్యాసాలు విని పెరిగిన మనకి ఇందులో వింతేమీ కనపడదు. ఇంగ్లండులో 1950లలో అది కొత్తే.

మన దేశంలో కోల్‌కతాకి చెందిన ఇప్సితా రాయ్ చక్రవర్తి 1980లలోనే తాను విచ్‌ననీ, అది సిగ్గుపడే సంగతి కాదనీ బాహాటంగా ప్రకటించారు. విశాఖ లాంటి ఊళ్ళకి ఈ ధోరణి ఎక్కువగా ఇంటర్నెట్ ద్వారానే చేరింది.

మతం కొత్తదైతే నష్టమేం లేదు, పైగా ఒక లాభం ఉంది. ఫ్రాయిడ్, యూంగ్‌ల తర్వాత పుట్టింది కాబట్టి దానికి మనస్తత్వశాస్త్రం పరాయిది కాలేదు. ‘నీలో ఉన్నదాన్ని తెలుసుకో’ అన్న పాత వాక్యానికి డైరీ, ప్రశ్నల జాబితా, కలల నోటుపుస్తకం లాంటి పనిముట్లు అలా వచ్చి చేరాయి.

కోరిక కల్తీ అయితే

అసలు లోపాల గొడవ మంత్రవిద్యకెందుకు? దొంగ స్వాములకి కూడా తంతులు బాగానే నడుస్తున్నాయి కదా?

వీళ్ళ లెక్కలో తంతుకి ముడిసరుకు కొవ్వొత్తీ కాదు, కర్పూరమూ కాదు, చేసేవాళ్ళ కోరిక. ఆ కోరిక ఏమిటో చేసేవాళ్ళకే సరిగ్గా తెలియకపోతే తంతు దేనికోసం జరిగినట్టు? ఒక ఉదాహరణ ఊహించుకుందాం. మన సిరిపురం అమ్మాయి ఆఫీసులో టీమ్ లీడ్ పదవి ఖాళీ అయింది. ఆకుపచ్చ కొవ్వొత్తి తెచ్చుకుంది, శుక్ల పక్షంలో మంచి రోజు చూసుకుంది. కూర్చోబోయే ముందు కాగితం మీద కోరిక రాయాలి. “నాకు ప్రమోషన్ రావాలి” అని రాసింది. ఎందుకు అని తనని తాను అడిగితే రెండో వాక్యం వచ్చింది: “ఆ పదవి అతనికి మాత్రం పోకూడదు.” మళ్ళీ ఎందుకు అని అడిగితే మూడోది: “నాన్న ఒక్కసారైనా నన్ను అన్నయ్యతో సమానంగా చూడాలి.”

ఇవి మూడు వేరు వేరు కోరికలు. మూడోది ఎప్పటికీ టీమ్ లీడ్ పదవితో తీరేది కాదు. రెండోది విక్కాలో 1964 నుంచి బాగా ప్రచారంలో ఉన్న సూత్రానికి, ఎవరికీ హాని చెయ్యనంతవరకు నీ ఇష్టమొచ్చినట్టు చెయ్యి అన్నదానికి, నేరుగా అడ్డం తగులుతుంది. చేసింది మూడు రెట్లై తిరిగొస్తుందన్న నమ్మకం ఒకటి దానికి తోడు. ఆ నమ్మకం నిజమా కాదా అన్నది పక్కన పెడితే, కాగితం మీద రెండో వాక్యం దగ్గర పెన్ను ఆపించగలగడం దాని ప్రయోజనం.

తంతు ‘పనిచేస్తుందా’ అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. విశాఖకి ఆ ప్రశ్న కొత్తదేం కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1960లలోనే పరామనోవిజ్ఞానాన్ని, అంటే అతీంద్రియ శక్తుల పరిశోధనని, ఒక చదువుగా నిలబెట్టారు కోనేరు రామకృష్ణారావుగారు, అమెరికాలో ఆ రంగంలో పేరుమోసిన జె.బి. రైన్‌తో కలిసి పనిచేసి వచ్చి. అదే యూనివర్సిటీకి తర్వాత వైస్ ఛాన్సలర్ కూడా అయ్యారు. అతీంద్రియ శక్తుల మీద తగువు ఇన్ని దశాబ్దాలైనా తేలలేదు, నేనిక్కడ తేల్చబోవడమూ లేదు. ఆ కాగితం మీద మూడు వాక్యాలు రాసుకున్నందువల్ల కలిగిన ఎరుకకి మాత్రం ఏ శక్తీ నిరూపణ కానక్కర్లేదు.

నల్ల అద్దం, తెల్ల అద్దం

ఆత్మపరిశీలన చేసుకోవాలని అందరూ అంటారు. ఎలాగో చెప్పేవాళ్ళు తక్కువ. వేమన చిత్తశుద్ధి లేని పూజ దండగన్నాడు గానీ ఆ శుద్ధికి టైమ్‌టేబుల్ వెయ్యలేదు. అది వేసినవాడు ఫ్రాంజ్ బార్డన్ అనే చెక్ దేశస్థుడు. 1909లో పుట్టి, నాజీల నిర్బంధం నుంచి బతికి బయటపడి, చివరికి 1958లో కమ్యూనిస్టు ప్రభుత్వం నిర్బంధంలో ఉండగా చనిపోయాడు. ఆయనది హెర్మెటిక్ అనే పాశ్చాత్య గూఢవిద్యా సంప్రదాయం, విక్కా కాదు. అయినా 1956లో అచ్చయిన ఆయన పాఠ్యక్రమంలో మొదటి మెట్టునే ఉన్న ‘ఆత్మదర్పణం’ అనే కసరత్తుని ఇవాళ ఒంటరిగా సాధన చేసే విచ్‌లు చాలామంది ఉన్నదున్నట్టు ఎత్తి వాడుకుంటున్నారు.

దర్పణం అంటే ఇక్కడ నోటుపుస్తకమే. అందులో ఒక భాగం నల్ల అద్దం. మనలో ఉన్న లోపాలన్నీ, ఎంత చిన్నవైనా, ఎంత సిగ్గనిపించినా, ఒకటో రెండో వారాల పాటు రోజూ గుర్తు చేసుకుంటూ వంద దాకా రాయాలి. ఎవరికీ చూపించనక్కర్లేదు, కాబట్టి అబద్ధం ఆడాల్సిన పనీ లేదు.

వంద ఎందుకు, పది చాలదా అనిపిస్తుంది. మొదటి ఇరవై ఎవరైనా రాసేస్తారు. బద్ధకం, కోపం, మొండితనం, పొద్దున్నే లేవలేకపోవడం. అవి మనం కనుక్కున్నవి కావు. చిన్నప్పట్నుంచి ఇంట్లో పెద్దవాళ్ళు మనల్ని తిట్టిన తిట్లు. నలభై దాటాక పెన్ను మొరాయిస్తుంది. అక్కణ్ణుంచి వచ్చేవి అసలైనవి. స్నేహితురాలి పెళ్ళి సంబంధం తప్పిపోయిందని విన్నప్పుడు జాలి కంటే ముందు ఇంకేదో కలిగిందని. ఆటో అతనితో మాట్లాడే గొంతూ మేనేజరుతో మాట్లాడే గొంతూ ఒకటి కావని. సారీ చెప్పేటప్పుడు కూడా పక్కనెవరైనా వింటున్నారా అని ఓ కంట గమనిస్తానని. ‘అసూయ’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే లాభం లేదు. ఎవరి మీద, ఎప్పుడు, ఏ మాట విన్నాక అన్నది రాస్తేనే రేపు అది మళ్ళీ వచ్చినప్పుడు గుర్తుపట్టగలం.

తర్వాత వర్గీకరణ. పంచభూతాల్లో ఆకాశాన్ని వదిలేసి, మిగిలిన నాలుగింటి కింద తప్పుల్ని పంచాలి. కోపం, అసూయ, పగ అగ్ని కిందకి. గొప్పలు చెప్పుకోవడం, చాడీలు, నిలకడలేని ఉత్సాహం వాయువు కిందకి. పట్టనితనం, బిడియం నీటి కిందకి. బద్ధకం, మందకొడితనం, దిగులు భూమి కిందకి. ఎక్కడా ఇమడనివాటికి విడిగా ఓ పేజీ. మళ్ళీ ఒక్కో వర్గంలో తరచుగా, బలంగా వచ్చేవి ఒక గుంపు, అప్పుడప్పుడూ వచ్చేవి ఒకటి, ఎప్పుడో కానీ తలెత్తనివి మరొకటి. ఇదంతా అయ్యాక తెల్ల అద్దం: మంచి గుణాలకీ ఇదే తంతు. మన చదువుకున్న పిల్లలకి నల్ల అద్దం కంటే తెల్ల అద్దమే కష్టమని నా అనుమానం. తమలో మంచిని రాసుకోవడం డాబు అనిపించేలా పెంచుతాం కదా.

ఇంత లెక్కాపత్రం ఎందుకంటే, బార్డన్ ఉద్దేశం పుణ్యం సంపాదించడం కాదు. నాలుగు భూతాలూ మనిషిలో సమంగా నిలవాలి. అలా నిలవనివాడికి శక్తి చేతికిస్తే అది వాడినే ముంచుతుంది. భూమి పేజీ నిండిపోయి అగ్ని పేజీలో రెండే వాక్యాలున్నవాడికి ‘కోపం తగ్గించుకో’ అన్న సలహా అక్కర్లేదు. వాడికి కావాల్సింది కాస్త కోపమేనేమో. జాబితాని పంచి చూస్తేనే గానీ ఈ సంగతి పట్టుబడదు.

లోపాలతో తలపడటానికి ఆయన చెప్పిన మార్గాల్లో ఒకటి మనకి బాగా తెలిసినదానిలాగే ఉంటుంది. పూసల దండ చేత్తో తిప్పుకుంటూ, నిద్రలోకి జారే ముందు, ఒకే చిన్న వాక్యాన్ని జపించడం. అయితే అందులో దేవుడి పేరుండదు. ‘నేను రోజురోజుకీ నెమ్మదిస్తున్నాను’ లాంటి మాట ఉంటుంది, అదీ ఎప్పుడో జరగబోయేదిగా కాక ఇప్పుడు జరుగుతున్నట్టు. ఫ్రెంచి ఫార్మసిస్టు ఎమిల్ కూయే అంతకు ముందే ప్రచారం చేసిన పద్ధతి ఇది. విక్కా సాధకులు దీనికి చంద్రుణ్ణి జోడించారు: వదిలించుకోవాల్సినవాటి పని బహుళ పక్షంలో, పెంచుకోవాల్సినవి శుక్ల పక్షంలో. పదిహేను రోజులకి ఒక్కటంటే ఒక్క లోపం. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎలా మారుతుందో పెదజాలరిపేటలో ఎవర్నడిగినా చెబుతారు. చంద్రుణ్ణి బట్టి పని పెట్టుకోవడం ఈ తీరానికి ఎవరో వచ్చి నేర్పాల్సిన విద్య కాదు. వాళ్ళ ఋతుచక్రం మాత్రం మనకి నప్పదు. అక్టోబరు 31న ప్రకృతి నిద్రలోకి జారుతుందని వాళ్ళ పుస్తకాలంటే, అక్టోబరులోనే హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్ళం మనం నవ్వుకోవాలి. పాతది వదిలించుకోవడానికి విశాఖవాళ్ళకి భోగి మంట ఉండనే ఉంది.

రాయడం వల్ల ఒరిగేదేమిటో కొలిచినవాళ్ళూ ఉన్నారు. మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నిబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు వరసగా నాలుగు రోజులు, రోజుకి పదిహేను నిమిషాలు, తమని కలచివేసిన అనుభవాల గురించి రాశారు. జరిగిందీ, దానికి తమకేమనిపించిందీ రెండూ కలిపి రాసినవాళ్ళు తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి వెళ్ళడం తగ్గింది. తర్వాత వచ్చిన పరిశోధనలన్నీ అంత ఫలితం చూపించలేదు. అయినా సంఘటన, భావం కలిసి కాగితం మీద పడాలన్న కిటుకు ఇక్కడిదీ అక్కడిదీ ఒకటే.

దిష్టి నీళ్ళు పారబోస్తాం, వాళ్ళు తాగుతారు

మన ఇళ్ళల్లో పిల్ల నాలుగు రోజులు దిగులుగా కూర్చుంటే అమ్మమ్మ ఏం చేస్తుంది? “ఎవులి దిష్టి తగిలిందో గానీ పిల్ల సిక్కిపోయింది” అని ఉప్పు, ఎండుమిరపకాయలు చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తుంది. ఎర్రనీళ్ళతో దిష్టి తీస్తే ఎవరూ తొక్కని చోటో, మూడు దారులు కలిసే చోటో పారబోస్తుంది. చెడు బయట్నుంచి వచ్చింది, బయటికే పోవాలి. ఈ తంతులో ప్రేమ ఉంది, పిల్ల మీద నిందలేదు. అది తక్కువ సంగతి కాదు.

అమెరికాలో విక్టర్ ఆండర్సన్, కోరా ఆండర్సన్ దంపతులు నేర్పిన ‘ఫెరీ’ అనే విచ్‌క్రాఫ్ట్ శాఖలో ‘కాలా’ అని ఒక క్రియ ఉంది. గ్లాసుడు నీళ్ళు చేతిలో పట్టుకుని, లోపల మెలిపడి ఉన్నదాన్ని, అంటే భయమో అక్కసో సిగ్గో, ఊపిరితో పాటు ఆ నీళ్ళలోకి వదిలినట్టు భావిస్తారు. దాని మీదకి వెలుగుని ఆవాహన చేసి, ముడి విడిపోయినట్టు ధ్యానిస్తారు. తర్వాత ఆ నీళ్ళు పారబొయ్యరు. తాగేస్తారు. ఆ అక్కసులో చిక్కుకుపోయిన శక్తి తమదే. దాన్ని రోడ్డు మీద పారబోస్తే తామే పేదవాళ్ళవుతారు అన్నది వాళ్ళ వాదన.

తెలుగువాళ్ళకి ఇక్కడే గొంతులో అడ్డం పడుతుంది. మనకి అరిషడ్వర్గాలని చిన్నప్పుడే చెప్పారు: కామ, క్రోధ, లోభ, మోహ, మద, మాత్సర్యాలు. అవి శత్రువులు. శత్రువుతో చేసేది యుద్ధమే, జయించడమే. ఫెరీ నుంచి వచ్చి, 1980 ప్రాంతంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టార్‌హాక్ అనే రచయిత్రి, తదితరులు మొదలుపెట్టిన రిక్లెయిమింగ్ శాఖలోనూ వాడే ‘ఇనుప పంచకోణం’ చూడండి. నక్షత్రం అయిదు కొసల మీదా ఉండే పేర్లు: కామం, అతిశయం, ఆత్మ, శక్తి, ఉద్వేగం. మనం శత్రువుల పట్టికలో వేసినవాటిలో రెండు, మూడు వాళ్ళకి పుట్టుకతో వచ్చిన హక్కులు! అవి చెడ్డవి కావు, వంకర తిరిగాయి అంటారు. అతిశయం ఎక్కువైతే అహంకారం, సన్నగిల్లితే కాళ్ళ మీద పడిపోయే తత్వం. ఒంట్లో ఆ నక్షత్రాన్ని ఊహించుకుంటూ, తల నుంచి కాలికి, కాలి నుంచి చేతికి ఒక్కో కొసనీ తడుముకుంటూ, ఏది పొంగిపోయింది, ఏది ఎండిపోయింది అని చూసుకుంటారు.

రెంటిలో ఏది సరైనది? ఒక్కటే అందరికీ సరిపడదు. ఆస్తి పంపకాల్లో తమ్ముణ్ణి ముంచి కూర్చున్నవాడికి “నీ అతిశయాన్ని ఆదరించు” అని చెబితే పుండు మీద తేనె రాసినట్టే. వాడికి అరిషడ్వర్గాల పాఠమే కావాలి. ఇరవై ఏళ్ళుగా అత్తవారింట్లో నోరెత్తకుండా, ఎవరేమన్నా “నాదే తప్పులెండి” అనే మనిషికి మదాన్ని జయించమని చెప్పడం అన్యాయం. జయించడానికి ఆమెలో అది మిగిలుంటే కదా. స్టార్‌హాక్ ‘స్వీయద్వేషి’ అని ఒక లోపలి గొంతు గురించి రాస్తుంది: మనల్ని అణచినవాళ్ళ గొంతే మన లోపల కూర్చుని మన మాటగా వినిపిస్తుందని. నల్ల అద్దం రాసేటప్పుడు ఈ గొంతుని కనిపెట్టి ఉండాలి. ‘నల్లగా ఉంటాను’ అన్నది కూడా తప్పుల చిట్టాలోకి ఎక్కిందంటే పెన్ను పట్టుకున్నది మీరు కాదు.

ఇంకో కోణం కూడా ఉంది. డేనియల్ వెగ్నర్ 1987లో చేసిన ప్రయోగంలో, తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దని చెబితే జనానికి అదే పనిగా గుర్తొచ్చింది. ఆ నిషేధం ఎత్తేశాక మొదట్నుంచీ ఆలోచించమన్నవాళ్ళ కంటే ఎక్కువగా గుర్తొచ్చింది. అణిచిపెట్టింది పోదు, మాటు వేస్తుంది.

కార్ల్ యూంగ్ (1875–1961) దీన్ని ‘నీడ’ అన్నాడు. నాలో ఉండకూడదని నేను తీర్మానించుకున్నదంతా నా నీడ. అది నాలో కనపడదు. ఎదుటివాళ్ళలో మాత్రం భూతద్దం పెట్టినట్టు కనపడుతుంది. కాబట్టి విచ్‌లు చేసే ‘నీడ పని’లో మొదటి ప్రశ్న ఇది: పెద్ద కారణం లేకుండానే ఎవర్ని చూస్తే నీకు ఒళ్ళు మండుతుంది? వాళ్ళలో నీకు నచ్చని ఆ ఒక్క గుణం, ఏ రూపంలో నీలో ఉంది? ఈ వరసలో ఆలోచిస్తే మన్యంలో ఆ ముసలామె మీద లేచిన వేలు కొంత అర్థమవుతుంది. ఊళ్ళో ప్రతి ఇంట్లో ఉన్న అసూయ, పాత పగ, పొలం గట్టు తగాదా, చావు భయం ఇవన్నీ ఎవరూ తమవని ఒప్పుకోలేనివి. ఒక్క మనిషి మీద పోగుపెట్టి ఆమెని లేకుండా చేస్తే అవీ పోతాయన్న ఆశ. ఆమెని ‘మంత్రగత్తె’ని చేసింది ఊరి నీడే. చిల్లంగి హత్యలకి వైద్యం అందకపోవడం, భూమి తగువులు, పోలీసులు దూరంగా ఉండటం లాంటి గట్టి కారణాలున్నాయి, వాటిని మనస్తత్వం కింద కొట్టిపారెయ్యకూడదు. అయినా ఆ పేరునే ఇష్టపడి తగిలించుకున్న ఇవాళ్టి యువతీయువకులు దానికి అర్హులో కాదో ఈ నీడ పని వల్లే తేలుతుంది.

బెడిసికొట్టే చోట్లు

టారో గురించి. 1909లో వచ్చిన, పమేలా కోల్‌మన్ స్మిత్ బొమ్మలు గీసిన 78 కార్డుల కట్టనే ఇప్పటికీ ఎక్కువమంది వాడుతున్నారు. భవిష్యత్తు సంగతి వదిలేసి తనని తాను ప్రశ్నించుకోవడానికి ఆ బొమ్మలు నిజంగా పనికొస్తాయి, ఎందుకంటే ఏ బొమ్మలో ముందు ఏం చూశామన్నదే ఒక జవాబు. ప్రమాదం ఏమిటంటే అద్దం మనల్ని మెచ్చుకోవడం మొదలెడుతుంది. బెర్‌ట్రమ్ ఫోరర్ 1948లో 39 మంది విద్యార్థులకి వాళ్ళ వ్యక్తిత్వం మీద విడివిడిగా రాసినట్టు చెప్పి ఒకే కాగితం అందరికీ ఇచ్చాడు. తమకి ఎంత సరిపోయిందో అయిదుకి మార్కులు వెయ్యమంటే సగటు 4.26 వచ్చింది. “మీరు పైకి గట్టిగా కనపడినా లోపల సున్నితం” అన్నది ఎవరికి సరిపోదు? కార్డు చూసి ‘అవును, నేనంతే’ అని హాయిగా అనిపించిందంటే ఆ రోజు పని జరగనట్టే లెక్క.

రెండోది, తవ్వుకుంటూ ఉండిపోవడం. బీచ్ రోడ్డులో ఏ బెంచీ మీదో కూర్చుని రోజూ అదే గాయాన్ని అదే మాటల్లో రాసుకోవడం ఆత్మజ్ఞానంలా అనిపిస్తుంది. నెల క్రితం పేజీకీ ఇవాళ్టి పేజీకీ తేడా లేకపోతే అది నెమరు మాత్రమే. జాబితాలో ప్రతి పంక్తి పక్కనా ‘ఈసారి అలా అనిపిస్తే ఏం చేస్తాను’ అని ఒక చిన్న పని రాయాలి. మన అమ్మాయి అయితే “మీటింగులో అతన్ని మెచ్చుకున్నప్పుడు ఫోన్ తీసి చూడను” అని రాయొచ్చు. అంత చిన్నదైతేనే జరుగుతుంది.

మూడోది దుకాణం. ఈ దోషానికి ఈ రాయి, ఆ దోషానికి ఆ రాయి అని అమ్మేవాళ్ళున్నారు. రాళ్ళు అందంగా ఉంటాయి, కొనుక్కోండి. లోపాన్ని రాయి లాగేస్తుందన్న మాట మాత్రం దిష్టి తీసినదానికంటే ఓ మెట్టు కూడా పైకి వెళ్ళలేదు, పైగా ఖరీదెక్కువ. ఇంక జబ్బులు నయం చేస్తామనేవాళ్ళ సంగతంటారా, కొన్ని జబ్బుల పేరు చెప్పి తాయెత్తులు, మంత్రాలు, కవచాలకి ప్రకటనలివ్వడం మన దేశంలో 1954 నాటి చట్టం ప్రకారం నేరం.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది, జబ్బుని లోపం అనుకోవడం. నెలల తరబడి మంచం దిగలేకపోవడం భూతత్వ దోషం కాదు, డిప్రెషన్ అయ్యుండొచ్చు. తప్పు చేశానేమో అన్న ఆలోచన వదలకుండా పట్టి పీడించే ఓసీడీ ఉన్నవాళ్ళకి వంద తప్పులు రాయమనడం విషం పొయ్యడమే. అలాంటప్పుడు నోటుపుస్తకం మూసేసి చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల తలుపు తట్టడం మంచిది. ఫోన్ చెయ్యాలంటే 14416, టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

రాసినవాడికే కనపడనివి

ఇంత చేసినా ఈ పద్ధతికి ఒక పెద్ద చిల్లుంది. వంద తప్పులూ రాసింది మనమే. మనకి కనపడనిది అందులో ఎలా చేరుతుంది? ఎమిలీ ప్రోనిన్, ఆమె సహచరులు 2002లో చూపించింది ఇదే: పక్షపాతాల పట్టిక ఇచ్చి ఇవి ఎవరికి ఎక్కువ అని అడిగితే, సగటు మనిషికంటే తమకి తక్కువని జనం చెబుతారు. లోపలికి ఎంత తొంగి చూసుకున్నా అక్కడ పక్షపాతం పక్షపాతంలా కనపడదు, న్యాయంలాగే కనపడుతుంది.

గార్డ్‌నర్ కాలంలో దీనికి జవాబు గుంపు. పదముగ్గురికి మించని కోవెన్, చేరే ముందు ఏడాది ఒక రోజు నేర్చుకోవడం, పెద్దవాళ్ళ పర్యవేక్షణ. 1988లో స్కాట్ కనింగ్‌హామ్ ఒంటరి సాధకుల కోసం పుస్తకం రాశాక ఆ తలుపు అందరికీ తెరుచుకుంది, దానితో పాటు తప్పు చెప్పేవాళ్ళూ లేకుండా పోయారు. విశాఖలో ఇంట్లో తెలియకుండా సాధన చేసేవాళ్ళ పరిస్థితి మరీ కష్టం. వాళ్ళకి పరిచయస్తులుండేది ఫోన్లో, ఫోన్లో అందరూ మెచ్చుకునేవాళ్ళే.

దీనికి మంచి పరిష్కారం నాకు కనపడింది ఇంగ్లండులో కాదు, భీమిలి రోడ్డులో. తొట్లకొండ మీద బౌద్ధ విహారం శిథిలాలు చూడనివాళ్ళు విశాఖలో తక్కువ. 1988 నుంచి 1993 దాకా తవ్వి తీసిన స్తూపం, భిక్షువుల గదులు, నీళ్ళ తొట్లు అవి. రెండు వేల ఏళ్ళ కిందట అక్కడ ఉన్న బౌద్ధ భిక్షువులకి వినయ నియమం ప్రకారం అమావాస్యకీ పౌర్ణమికీ ఉపోసథం ఉంటుంది. నియమావళి చదివే ముందు ఎవరు ఏ నియమం తప్పారో ఒప్పుకోవాలి. ఇంతవరకు నల్ల అద్దం లాంటిదే. వానాకాలం మూడు నెలలూ ఒక్కచోట గడిపి విడిపోయే ముందు పౌర్ణమినాడు చేసే పవారణ మాత్రం ఇంకో అడుగు ముందుకేసింది. అందులో భిక్షువు తన తప్పు చెప్పడు, అడుగుతాడు. నా విషయంలో మీరు చూసింది, విన్నది, అనుమానించింది ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి, తెలుసుకుని సరిదిద్దుకుంటాను అని చేతులు జోడించి మూడుసార్లు సంఘాన్ని అర్థిస్తాడు.

ఆ ‘అనుమానించింది’ అన్న మాటని గమనించండి. రుజువులుండాలని లేదు. కనపడని లోపం గురించి ఎదుటివాళ్ళ దగ్గర రుజువులుండవు, ఓ అసౌకర్యం మాత్రం ఉంటుంది. దాన్ని చెప్పే అనుమతి ముందే ఇచ్చేస్తున్నాడు. ఇంకోటి, మూడు నెలలు కలిసి ఉన్నవాళ్ళనే అడుగుతున్నాడు, దారిన పోయేవాళ్ళని కాదు.

ఒంటరి సాధకులు ఇందులోంచి చేతనైనంత తీసుకోవచ్చు. విచ్‌క్రాఫ్ట్ ఊసే ఎత్తకుండా, మిమ్మల్ని రోజూ చూసే ఒక్క మనిషిని, రూమ్మేటో అక్కో, ఏడాదికోసారి అడగొచ్చు. “నేనెలాంటిదాన్ని?” అని అడిగితే “నీకేం, బంగారం” అంటారు. “ఈ మధ్య నాతో ఏ విషయం మాట్లాడాలంటే నువ్వు వెనకాడుతున్నావ్?” అని అడిగితే ఓ క్షణం ఆగుతారు. ఆగిన తర్వాత వచ్చే జవాబు నల్ల అద్దంలో ఎదురు వాదించకుండా రాసుకోవాలి.

గుంపులో చేరేవాళ్ళకి ఇదే ఒక పరీక్ష కూడా. ‘నీ అహం అడ్డొస్తోంది’, ‘నీ నీడని నువ్వు చూసుకోవట్లేదు’ అనే మాటలు గురువు చేతిలో మంచి ఆయుధాలు. డబ్బు ఎందుకని అడిగినా, ఇది నాకు నచ్చలేదన్నా అదే జవాబు వస్తుంది. ఈ దారిలో మోసపోయినవాళ్ళు ఎక్కువగా మోసపోయేది మంత్రాలకి కాదు, ఈ మాటలకే. వినయ నియమంలో దీనికీ కట్టడి ఉంది: పవారణ అడగడం అందరికంటే పెద్ద భిక్షువుతో మొదలై, దీక్షలో ఎవరు ముందో ఆ క్రమంలో కిందకి వస్తుంది. కాబట్టి ఏ కోవెన్‌లోనైనా, ఆన్‌లైన్ తరగతిలోనైనా డబ్బు కట్టే ముందు అడిగి చూడండి, మీ గురువుగారి తప్పులు చెప్పే రోజు ఏడాదిలో ఎప్పుడొస్తుందని.